పట్టింపు లేదన్న మాట

తీర్పు చదవడానికి జడ్జిగారికి నాలుగు నిమిషాలు పట్టింది. అందులో ట్రెస్సా స్లోన్ చెవిన పడింది మొదటి వాక్యం ఒక్కటే. ఓపల్ అనే ఆరేళ్ళ పిల్ల మీద తల్లిగా ఆమెకున్న హక్కులన్నీ ఈ రోజుతో రద్దు. ఆ తర్వాత జడ్జిగారి పెదాలు కదులుతూనే ఉన్నాయి గానీ, ఆమె చూపు మాత్రం ఆయన బల్ల మీదున్న నీళ్ళ గ్లాసు దగ్గరే ఆగిపోయింది. అరగంట క్రితం ఆ గ్లాసు నిండుగా ఉన్నప్పుడు తను తల్లి. ఇప్పుడు సగమైంది, తను ఎవరో తెలియలేదు.

బయట వరండాలో, కోర్టు ఆమెకిచ్చిన లాయరు ఒక కాగితం చేతిలో పెట్టాడు. ఆయనకు పక్క గదిలో ఇంకో కేసు ఉంది.

"ముప్పై రోజుల్లో అప్పీలు వేసుకోవచ్చు. నోటీసు మీద సంతకం చేస్తే మిగతాది కోర్టువాళ్ళు చూసుకుంటారు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ట్రెస్సా తీర్పు కాగితాలు అక్కడే నిలబడి చదివింది. పన్నెండు పేజీలు. తొమ్మిదో పేజీలో రెండు వాక్యాలున్నాయి. బిడ్డను జడ్జిగారు తన గదిలో విడిగా ప్రశ్నించారు. తల్లి వద్దకు వెళ్ళే విషయంలో బిడ్డ ఆసక్తి చూపలేదు.

చదివినది మళ్ళీ చదివింది. పిల్లను లాక్కోవడం ఒక దెబ్బ. పిల్లే నిన్ను అక్కర్లేదంది అని రాసివ్వడం, గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆమె కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని, బస్సెక్కి, హోటలు లాండ్రీలో సాయంత్రం డ్యూటీకి వెళ్ళి, ఎనిమిది గంటలు దుప్పట్లు మడిచింది. ఏడుపు రాలేదు. పక్కనున్న ఆడమనిషి ఏమైందని అడిగితే ఏం లేదని చెప్పింది.

ఆమె తప్పు లేదనడానికి లేదు. కెంటకీ రాష్ట్రపు కొండల్లో వాళ్ళ లోయలోకి వాగు పొంగి ఇల్లు కొట్టుకుపోయాక, పిల్లను కారులో వేసుకుని నాలుగు గంటల దూరంలో ఉన్న ఈ నది ఒడ్డు పట్నానికి వచ్చింది. వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళను లేపి కూర్చోబెట్టే పని దొరికింది. ఒక బరువైన మనిషిని లేపబోయి నడుము పట్టేసింది. నొప్పికి ఇచ్చిన మాత్రలు నొప్పి తగ్గాక కూడా వదల్లేదు. పని పోయింది, గది పోయింది, కారే ఇల్లయింది. జనవరిలో పోలీసాయన కారు అద్దం తట్టేసరికి వెనక సీట్లో ఓపల్ జ్వరంతో మూలుగుతోంది. ఆ రోజే పిల్లల సంక్షేమ శాఖవాళ్ళు పిల్లను తీసుకెళ్ళి ఒక పెంపకపు కుటుంబంలో ఉంచారు.

ట్రెస్సా కొండకు తిరిగిపోయి, వెస్టా పెద్దమ్మ ఇంట్లో ముసుగుతన్ని పడుకుని, వణికి, వాంతులు చేసుకుని, మాత్రల్ని వదిలించుకుంది. ఐదు వారాలకు పట్నం వచ్చి లాండ్రీలో చేరింది. చిన్న గది తీసుకుంది. వారానికో గంట ఓపల్‌ను చూపించేవారు. శాఖవాళ్ళు ఒక ప్రణాళిక రాసిచ్చారు. మూడు నెలలు చికిత్స కేంద్రంలో ఉండాలి, పిల్లల పెంపకం తరగతులకు వెళ్ళాలి, మనస్తత్వ సలహాదారును కలవాలి. అన్నిటికీ ఆమె ఒప్పుకుంది. ఆ చోట్లకు ఆమె పేరు తామే పంపుతామని, చేరమని కబురు వస్తుందని శాఖవాళ్ళు చెప్పారు. ఆమె కబురు కోసం చూసింది. ఎంత చూసినా రాలేదు. మళ్ళీ మళ్ళీ అడిగితే పనులున్నవాళ్ళను విసిగించినట్టవుతుందని ఊరుకుంది. కొండవాళ్ళకు అదొక మర్యాద. ఒకసారి మాటిచ్చాక ఇచ్చినట్టే, మళ్ళీ గుర్తుచేస్తే అవతలివాళ్ళను నమ్మనట్టు. పద్నాలుగు నెలలు గడిచాక తెలిసింది, శాఖవాళ్ళు హక్కుల రద్దుకు కేసు వేశారని.

ఇరవై తొమ్మిదో రోజు పొద్దున వెస్టా పెద్దమ్మ ఫోన్ చేసింది.

"ఏమే, అప్పీలు వేసినావా?"

"లేదు పెద్దమ్మా."

"ఎందుకెయ్యలా?"

"బిడ్డే నన్ను వద్దనింది. కాగితంలో రాసినారు. ఇంక నేనేం మొగం పెట్టుకోని అడిగేది?"

"ఆరేళ్ళ పిల్ల వద్దంటే వదిలేస్తావా? నీకు ఆరేళ్ళప్పుడు స్నానం వద్దన్నావు, బడి వద్దన్నావు. నీ మాట విని వదిలేసుంటే ఈ పొద్దుకీ కంపు కొడతా నా వాకిట్లోనే కూచోనుందువు. లెయ్. పోయి సంతకం పెట్టి రా. అయినాక నాకు ఫోన్ చెయ్."

కోర్టు గుమాస్తా కిటికీ మూసేలోపు ఆమె వెళ్ళి సంతకం పెట్టింది. గెలుస్తానని కాదు. పెద్దమ్మకు ఏం చెప్పాలో తెలియక.

అప్పీలుకు కోర్టు వేరే లాయరును ఇచ్చింది. నోరా ఫెల్డ్‌కాంప్. తాతల కాలం నుంచి ఈ పట్నంలోనే ఉన్న కుటుంబం. చెప్పుల దుకాణం మీద మేడలో ఆఫీసు. నలభై ఏళ్ళుంటాయి. మాటలో తొందర ఎక్కువ, కోపం అంతకన్నా ఎక్కువ, అది ఎవరి మీదో తెలియదు.

"ముందే చెప్తున్నాను. అప్పీలు కోర్టులో కొత్త సాక్షులుండరు. మీరు వెళ్ళి ఏడ్చినా వినరు. కింది కోర్టులో కెమెరా ఏం పట్టిందో, ఫైలులో ఏం రాసుందో, అంతే. మన రాష్ట్రంలో విచారణంతా వీడియో తీస్తారు. నేను మొత్తం చూశాను. మీకు కొన్ని చూపించి అడగాలి."

తెర మీద ట్రెస్సాకు ట్రెస్సా కనిపించింది. తనకున్న ఒక్క మంచి గౌను వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని. జడ్జిగారు అడుగుతున్నారు.

"చికిత్స కేంద్రం డెబ్బై మైళ్ళ దూరంలో ఉంది. మూడు నెలలు అక్కడే ఉండాలి. వెళ్తారా?"

"నాకేం పట్టింపు లేదు సార్."

"పెంపకం తరగతులకు?"

"నాకేం పట్టింపు లేదు."

"సలహాదారు దగ్గరికి?"

"దానికీ పట్టింపు లేదు సార్."

జడ్జిగారు ఒక క్షణం ఆమెవైపు చూసి, తలవంచి ఏదో రాసుకున్నారు. ఆమె లాయరు అప్పుడు ఫోన్ చూసుకుంటున్నాడు.

ఫెల్డ్‌కాంప్ వీడియో ఆపింది. "ఏమీ అనుకోకండి ట్రెస్సా. లాయరుగా కాదు, ఇద్దరు పిల్లల తల్లిగా అడుగుతున్నాను. బిడ్డ చేజారిపోతుంటే, జడ్జి మొహం మీద అంత మాట ఎలా అన్నారు?"

"ఏం మాట లాయరమ్మా?"

"నాకేం పట్టింపు లేదని."

"మరేమనాల? ఆయన పోతావా అన్నాడు. నేను ఒప్పుకున్నా."

"ఏమని ఒప్పుకున్నారు?"

"పోతానని."

ఫెల్డ్‌కాంప్ కుర్చీలో వెనక్కి వాలబోయి ఆగిపోయింది. "మళ్ళీ చెప్పండి. పట్టింపు లేదంటే మీకు అర్థం ఏమిటి?"

"అడ్డం లేదని. మొగమాటం లేకుండా అడగండి, సంతోషంగా చేస్తానని. ఇంకేం ఉంటాది?"

"ఇక్కడ దానికి అర్థం, నాకు లెక్కలేదని. ఏమైనా కానివ్వండి, నాకేంటి అని."

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ట్రెస్సా నోరు మంచిదే. ఊరే వేరు.

ఆమె లాయరు మొహంలోకి చూసింది. ఎక్కడో హాస్యం ఉందేమో అని వెతికింది. లేదు. ఫెల్డ్‌కాంప్‌కు మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. ఓడిపోయినవాళ్ళు ఎన్ని కథలు చెప్తారో ఆమెకు తెలుసు. "మీ ఊరివాళ్ళు ఎవరైనా ఉన్నారా? నేను మాట్లాడతాను. మీరు పలకకూడదు" అంది. ట్రెస్సా వెస్టా పెద్దమ్మ నంబరిచ్చింది.

"అమ్మా, నేను ట్రెస్సా లాయరును. వచ్చే నెల మీ వైపు వస్తున్నాను. మీ ఇంటికి భోజనానికి వస్తే ఏమంటారు?"

"నాకేం పట్టింపు లేదమ్మా."

"అంటే, రావద్దనా?"

పెద్దమ్మ నిదానంగా, చెవిటివాళ్ళకు చెప్పినట్టు చెప్పింది. "రమ్మంటాండా. చిక్కుడుగింజలు ఉడకేస్తా, మొక్కజొన్న రొట్టె కాలుస్తా. నువ్వు తింటావా, తినవా? పట్టింపు లేదంటే రావద్దనా అని అడుగుతావేంది? ట్రెస్సమ్మకు ఈ మాత్రం తెలివున్న లాయర్నే ఇచ్చినారా?"

ఫెల్డ్‌కాంప్ నవ్వలేదు. క్షమించమని చెప్పి ఫోన్ పెట్టేసి, శాఖవాళ్ళ ఫైలు లాగి ముందు పెట్టుకుంది. పేజీలు తిప్పుతూ వేలితో చూపించడం మొదలుపెట్టింది. మార్చి నాలుగు, చికిత్స గురించి అడగగా తల్లి తనకు పట్టింపు లేదని చెప్పింది, పేరు పంపలేదు. ఏప్రిల్ పదకొండు, తరగతుల గురించి అడగగా తల్లి తనకు పట్టింపు లేదని చెప్పింది, పేరు పంపలేదు. జూన్. ఆగస్టు. మళ్ళీ జనవరి. మొత్తం పదకొండుసార్లు. ఫైలు రాసిన శాఖ ఉద్యోగిని అబద్ధం ఒక్కటీ రాయలేదు. విన్నది విన్నట్టు, గుండ్రటి అక్షరాలతో, తారీఖు వేసి రాసింది.

ట్రెస్సా ఆ తారీఖుల వెంట వేలు పోనిచ్చింది. పద్నాలుగు నెలలు తను ఫోన్ పక్కన పెట్టుకుని పడుకుంది. లాండ్రీలో మిషన్ల రొదలో వినిపించదని జేబులో వణికేలా పెట్టుకుంది. రాని కబురు కోసం వాళ్ళను తిట్టుకోలేదు సరికదా, పాపం ఎంత పనో అనుకుంది. అటువైపు వాళ్ళు, ఇంత రాయిలాంటి తల్లి ఉంటుందా అనుకుంటూ రాసుకుంటూ పోయారు. ఇద్దరూ మర్యాదగానే ఉన్నారు. మధ్యలో పిల్ల పోయింది.

"నేనే పోగొట్టుకున్నా" అంది. "నా నోటితోనే."

"ఇంకో వీడియో ఉంది. ఓపల్‌ది."

"అది వద్దు లాయరమ్మా."

"చూడాలి ట్రెస్సా. ఇందాకటిదాకా నాకూ అది అర్థం కాలేదు. ఇప్పుడు నాకు భయంగా ఉంది."

జడ్జిగారి గది. పెద్ద కుర్చీలో ఓపల్. కాళ్ళు నేలకందడం లేదు. జడ్జిగారు మంచివాడే, గొంతు తగ్గించి, నవ్వుతూ బడి గురించి, కుక్కపిల్ల గురించి అడిగారు. తర్వాత అడిగారు.

"మీ అమ్మ దగ్గరికి వెళ్ళి ఉంటావా తల్లీ?"

ఓపల్ వెంటనే చెప్పింది. ఆలోచించలేదు. "నాకేం పట్టింపు లేదు."

చెప్పి కుర్చీలోంచి జారి దిగింది. గోడకు తగిలించిన కోటును ఎగిరి అందుకుంది. తొడుక్కుని బొత్తాలు పెట్టుకుంది, ఒకటి తప్పి ఒకటి. తలుపు దగ్గరికి వెళ్ళి పిడి పట్టుకుని, వెనక్కి తిరిగి జడ్జిగారి కోసం చూసింది.

"అప్పుడే విసుగొచ్చిందా?" జడ్జిగారు నవ్వారు. "రా తల్లీ, కూర్చో. ఇంకా కొంచెం మాట్లాడుకోవాలి."

పిల్ల తిరిగొచ్చి కూర్చుంది. కోటు విప్పలేదు. మిగిలిన తొమ్మిది నిమిషాలు ఆయన అడిగినవాటికి జవాబులు చెప్తూ తలుపువైపే చూసింది.

తెర ఆగిపోయాక కూడా ట్రెస్సా చూపు అక్కడే ఉంది. బిడ్డ వద్దనలేదు. బిడ్డ వస్తానంది, అడిగిన మరుక్షణం వస్తానని లేచి కోటు వేసుకుంది. ఆ రోజు అవతలి వరండాలోనే తను ఉంది, ఆ తలుపుకు ఇరవై అడుగుల దూరంలో. ఇన్ని వారాలు బిడ్డ మీద మనసులో చిన్న కోపం పెట్టుకుని తిరిగింది తను. ఆ సంగతి గుర్తొచ్చాక మొదటిసారి ఏడుపొచ్చింది. ఫెల్డ్‌కాంప్ లేచి వచ్చి పక్కన నిలబడింది. ఏం చెయ్యాలో తెలియక ఆమె భుజం మీద ఫైలు పెట్టి, మళ్ళీ తీసేసి, చెయ్యి పెట్టింది.

"ఈ కోటు రికార్డులో ఉంది" అంది. "కొత్త సాక్ష్యం కాదు. కింది కోర్టు కళ్ళముందే జరిగింది."

అప్పీలుకు పది నెలలు పట్టింది. అన్నాళ్ళూ తల్లి కాని మనిషికి బిడ్డను చూపించరు. ట్రెస్సా తనంతట తనే చికిత్స కేంద్రానికి ఫోన్ చేసి చేరింది. అక్కడ చేరడానికి ఒక ఫోన్ చాలని తెలిసి, ఆ ఫోన్ పట్టుకుని కాసేపు గోడకు ఆనుకుని నిలబడిపోయింది. తరగతులకు వెళ్ళింది. ఎవరేమడిగినా "సరే, తప్పకుండా చేస్తాను" అని పట్నం మాటలో చెప్పడం నేర్చుకుంది. ఆ మాట నోట్లో రాయిలా ఉండేది.

అప్పీలు కోర్టు ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపు. హక్కుల రద్దు చెల్లదన్నారు. తల్లి నిరాకరించిందని రాశారే గానీ, ఆ మాటకు అర్థమేమిటని ఆమెను ఎవరూ అడిగినట్టు ఫైలులో లేదన్నారు. ఇంటికి వెళ్ళడానికి కోటు తొడుక్కున్న బిడ్డను ఆసక్తి లేని బిడ్డ అనడం కుదరదన్నారు. మళ్ళీ విచారించాలని, ఈలోగా తల్లికి బిడ్డను చూపించాలని కేసు కిందికి పంపారు. ఒప్పుకోని మూడో ఆయన, ఏ మాటకు ఏ ఊళ్ళో ఏ అర్థమో వెతకడం కోర్టు పని కాదని విడిగా రాశారు. మరెవరి పనో రాయలేదు.

ఫెల్డ్‌కాంప్ ఫోన్లో చెప్పినప్పుడు ట్రెస్సా లాండ్రీలో దుప్పటి మడవడం ఆపేసి ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. వెస్టా పెద్దమ్మకు చెప్తే, ఆమె "లాయరమ్మను అన్నానికి రమ్మను. ఈసారి నేనే రమ్మని గట్టిగా చెప్తాలే" అంది.

ఆ తర్వాతి మంగళవారం మధ్యాహ్నం, శాఖవాళ్ళ ఆఫీసులో ఒక గంట. రంగు గోడలు, బొమ్మల పెట్టె, చిన్న సోఫా. మూలన కుర్చీలో కొత్త ఉద్యోగిని, ఒళ్ళో నోటు పుస్తకం. ట్రెస్సా అరగంట ముందే వచ్చి కూర్చుంది. దాదాపు ఏడాదయింది చూసి. దగ్గరికి తీసుకుంటే పిల్ల గట్టిగా పట్టుకుంటుందా, తను ఏడిస్తే భయపడుతుందా అని ఆలోచిస్తూ ఉంది.

తలుపు తెరుచుకుంది. ఓపల్ పొడుగైంది. ముందు పళ్ళు వచ్చాయి. జుట్టు చెవులదాకా కత్తిరించారు. గది మధ్యదాకా వచ్చి, చేతులు ముందు కట్టుకుని నిలబడింది.

"బాగున్నారా అండీ?" అంది.

ట్రెస్సా వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. గోడ ఉంది.

"నేనే బంగారూ. అమ్మని."

"తెలుసండీ."

ఆ మాటకు ట్రెస్సా లేవబోయి మళ్ళీ కూర్చుంది. పెంచుతున్న ఇంట్లో మర్యాద నేర్పారు. మంచి ఇల్లే అయివుంటుంది. బట్టలు శుభ్రంగా ఉన్నాయి, బుగ్గలు నిండుగా ఉన్నాయి.

"నిన్ను తీసకపోవాలని పెద్ద కోర్టుకు పోయినా. మన పక్క చెప్పినారు ఓపల్. గెలిచినాం."

పిల్ల తలూపింది. టీచరు చెప్పిన లెక్క విన్నట్టు. తర్వాత అడగొచ్చో లేదో అన్నట్టు ఆగి, అడిగింది. "మీరు నన్ను వద్దన్నారట కదండీ?"

"ఎవురు చెప్పినారు?"

"మా అమ్మ ఎప్పుడొస్తుందని నేను రోజూ అడిగాను. అప్పుడు మా ఇంట్లో చెప్పారు. మీరు పట్టించుకోనని అన్నారట. కాగితంలో ఉందట."

మూలన ఉద్యోగిని పెన్ను ఆగింది. ట్రెస్సా సోఫా మీంచి నేల మీదికి జారి, పిల్ల ఎత్తుకు సరిగ్గా కూర్చుంది. పెద్ద కోర్టులో తన తరఫున మాట్లాడడానికి ఫెల్డ్‌కాంప్ ఉంది. ఇక్కడ ఎవరూ లేరు.

"అది అట్ల కాదు తల్లీ. పట్టింపు లేదంటే మన కొండల్లో అర్థం వేరే. సంతోషంగా చేస్తానని. నువ్వు గూడా జడ్జిగారికి అదే చెప్పినావు, నేను చూసినా. మనం అట్లనే అంటాం గదా. మనం అందరం అట్లనే అంటాం."

ఓపల్ కనుబొమలు ముడిచి ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. తర్వాత, ఎదుటి మనిషి నొచ్చుకోకూడదన్నట్టు మెల్లగా చెప్పింది.

"మేం అలా అనమండీ."

మేం అంటే ఎవరో ట్రెస్సాకు తెలుసు. అందులో తను లేదు. ఏ జడ్జీ ఆ మాట రాయలేదు, ఏ తీర్పులోనూ అది లేదు, దాని మీద ఏ కోర్టుకు వెళ్ళాలో ఫెల్డ్‌కాంప్‌కూ తెలియదు.

"రా" అంది ట్రెస్సా. "ఇట్లొచ్చి నా పక్కన కూచో."

ఓపల్ మూలనున్న ఉద్యోగినివైపు చూసింది. ఆమె తలూపింది. అప్పుడు వచ్చి, గౌను ముడతలు పడకుండా సర్దుకుని, తల్లికి మూరెడు దూరంలో కూర్చుంది. గంటలో ఇంకా నలభై ఐదు నిమిషాలున్నాయి.